బొబ్బట్టు చెవికి పది రోజులు

నా చిన్నప్పుడు ఆదివారం అంటే చెవుల్లో నూనె పడే రోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో మా నాయనమ్మ పొద్దున్నే కుంపటి రాజేసి, ఇనప గరిటెలో నువ్వుల నూనె పోసి, అందులో రెండు వెల్లుల్లి రేకలు వేసి కాచేది. రేకలు ఎర్రబడగానే దించి, కాస్త చల్లారనిచ్చి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకునేది. ఆ తర్వాత నా తల తన ఒళ్ళోకి లాక్కుని కుడి చెవిలో రెండు చుక్కలు, ఎడమ చెవిలో రెండు చుక్కలు వేసి దూది పెట్టేది. తెనాలి నుంచి పట్నం వచ్చేటప్పుడు ఆవిడ ఊళ్ళో వదిలేసిన సామాను చాలా ఉంది గానీ ఆ గరిటె మాత్రం వదల్లేదు. చెవికి జబ్బు చేసినా చెయ్యకపోయినా నూనె పడాల్సిందేనని నాకు పదకొండేళ్ళకే బాగా తలకెక్కింది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను మొండిఘటాన్ని. ఇది సొంత డబ్బా కాదు, మా ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న విషయం. ఒకటి అనుకున్నానంటే ఇక ఎవరు చెప్పినా వినేదాన్ని కాదు. అరవై దగ్గర పడుతున్నా ఆ గుణం పోలేదు, పోగొట్టుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు. కాకపోతే దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నాకు నేర్పింది మా ఇంటి ఓనరు అవ్వ.

అవ్వ వాళ్ళది ఆ నేల మీదే పుట్టి పెరిగిన రైతు కుటుంబం. ఇంటి వెనక కొట్టంలో నాలుగు గేదెలు ఉండేవి. ఆవిడ వాటిని బర్లు అనేది, మా నాయనమ్మ గేదెలు అనేది. ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ ఇద్దరూ రోజుకో గంట కబుర్లాడుకునేవారు. ముందు భాగంలో మేం ఉండేవాళ్ళం. నాన్న కోఠీలో ఒక ఆఫీసులో గుమాస్తా. నేను చెప్పబోయే రోజుల్లో అమ్మ మా తమ్ముడి పురుటికి పుట్టింటికి వెళ్ళి ఉంది.

మాకొక నల్ల కుక్క ఉండేది. నాన్న ఆఫీసులో ఎవరో పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చారు. దాని చెవులు పొడుగ్గా, మెత్తగా, మడత పెట్టిన బొబ్బట్లలా చెంపల మీదికి వేలాడేవి. అందుకని బొబ్బట్టు అని పేరు పెట్టాను. దానికి నీళ్ళంటే పిచ్చి. అవ్వ గేదెల్ని సరూర్‌నగర్ చెరువుకి తోలుకెళ్తే వాటి వెనకే వెళ్ళి, గేదెలు నీళ్ళలో ఉన్నంతసేపూ తనూ ఈదులాడి, కారుతున్న చెవులతో ఇంటికి వచ్చేది. నేను దాని ఒళ్ళు తుడిచేదాన్ని. చెవుల లోపల తుడవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ వానాకాలంలో బొబ్బట్టు ఊరికే తల విదిలించడం మొదలుపెట్టింది. వెనక కాలితో కుడి చెవి బరుక్కునేది, గోడకేసి రుద్దుకునేది. చెవికి ఏదో అయిందని నాకు అర్థమైంది. చెవికి ఏదైనా అయితే మందేమిటో నాకు తెలియకపోవడమేమిటి! నాయనమ్మని అడిగితే కుక్కకి నూనె ఏమిటే అని కసురుతుందని, ఆదివారం గరిటెలో మిగిలిన నూనె ఒక చిన్న సీసాలోకి వంపుకుని దాచాను. బడి నుంచి రాగానే కొట్టం వెనక దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెవి పైకెత్తి, చెంచాడు చల్లటి నూనె వంపేదాన్ని. నాయనమ్మ రెండు చుక్కలు వేస్తే నేను చెంచాడు పోశాను. ఎక్కువ పోస్తే తొందరగా తగ్గుతుందని నా లెక్క.

వారం తిరిగేసరికి చెవి కంపు కొట్టసాగింది. లోపలంతా ఎర్రగా వాచి, కాఫీ గసిలాంటి జిడ్డు బయటికి కారుతోంది. తల ఒక పక్కకి వాల్చేసి నడిచేది. నేను సీసా తీస్తే చాలు, మంచం కిందికి దూరిపోయేది. నేను ఊరుకుంటానా? కాళ్ళు పట్టి బయటికి ఈడ్చి మరీ పోసేదాన్ని. అది ఏడ్చేది. చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చేది. అయినా మందు మానకూడదు కదా అని పళ్ళు బిగబట్టి పోసేదాన్ని. నా అంత మంచిది ఇంకొకతి లేదని నాలో నేనే అనుకున్నాను కూడా. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక గురువారం పొద్దున నాన్న ఆఫీసుకి బయల్దేరుతూ రోజూ లాగే వంగి దాని తల నిమిరారు. చెయ్యి కుడి చెవికి తగిలింది. అంతే, బొబ్బట్టు గయ్‌మని లేచి ఆయన చేతి మీదికి ఎగబడింది. పళ్ళు ఒంటికి తగల్లేదు గానీ ఇస్త్రీ చొక్కా చెయ్యి మోచేతి దాకా చిరిగిపోయింది. అంతవరకూ అది ఇంట్లో ఎవరినీ చూసి గుర్రుమన్నది కూడా లేదు.

మా నాన్న నెమ్మదైన మనిషి. అరవడం, తిట్టడం ఆయనకు చేతకాదు. అలాంటి మనిషి ఒక మాట అన్నారంటే ఇక దానికి తిరుగులేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "అమ్మడూ, వచ్చే బుధవారం కాదు, ఆపై బుధవారం అమ్మ తమ్ముణ్ణి తీసుకుని వస్తుంది. పసిగుడ్డు ఉన్న ఇంట్లో కరిచే కుక్కని ఉంచలేను. మా ఆఫీసాయనకి హయత్‌నగర్ అవతల ద్రాక్షతోట ఉంది. ఈ ఆదివారం కాక పై ఆదివారం ట్రాక్టరు పంపిస్తానన్నాడు. తోటలో కాపలాకి ఉంటుంది."

లబోదిబోమని ఏడ్చాను, అన్నం మానేశాను, నాయనమ్మ చేత చెప్పించాను. ఆయన ఇంచు కదల్లేదు. చివరికి ముక్కు తుడుచుకుని అడిగాను, చెవి నయమైతే ఉంచుతావా అని. "ఆదివారం ట్రాక్టరు వచ్చినప్పుడు నేను దాని చెవి పట్టుకుంటాను. ఊరుకుంటే ఉంటుంది. గుర్రుమంటే వెళ్తుంది. సరేనా?" అన్నారు. సరేనన్నాను. నాకు పది రోజులున్నాయి.

శుక్రవారం బడి ఎగ్గొట్టి, బొబ్బట్టునీ అవ్వనీ వెంటబెట్టుకుని, ఎల్‌బీనగర్ వైపున్న పశువుల దవాఖానకి నడిచి వెళ్ళాను. అక్కడి డాక్టరు దాని మూతికి గుడ్డ కట్టి, చెవి తిప్పి, లైటు వేసి చూశాడు. చూసి మొహం చిట్లించాడు. "ఎవరమ్మా ఇంత నూనె వోసింది? ఇది చెవా, మిర్చీలు గోలిచ్చే కడాయా?"

నేను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా వల్ల కాలేదు, కిందికి చూస్తూ నిలబడ్డాను. అవ్వ నా వైపు ఒకసారి చూసింది, చూపు తిప్పేసుకుంది. "ఎవరో తెల్వక వోసిన్రు సారూ. ఇగ వొయ్యరు" అంది.

డాక్టరు కోపం తగ్గి అన్నీ వివరంగా చెప్పాడు. కుక్క చెవి లోపల మోచేతిలా వంగి ఉంటుందట. వేలాడే చెవులకి గాలి తగలదు, చెరువు నీళ్ళు లోపలే నిలిచిపోయాయి, ఆ తడి మీద నూనె పోస్తే మురికంతా పట్టుకుని కుళ్ళు మొదలైంది. కర్ణభేరి బాగానే ఉందని చూసుకుని, చెవి కడిగే ద్రావకం ఒకటి, చుక్కల మందు ఒకటి ఇచ్చాడు. ద్రావకం వేసి, చెవి మొదట్లో వేళ్ళతో మెల్లగా పిసికి, అది తల విదిలించుకున్నాక బయటికి వచ్చిన మురికి మాత్రమే దూదితో తుడవాలి. పుల్లలు పెట్టి కెలకకూడదు. అప్పుడు చుక్కలు వెయ్యాలి, రెండు పూటలా, మానకుండా. "మందు ఇచ్చుడు నా పని. అది నిలవడేటట్టు చేసుడు మీ పని" అని పంపించాడు.

అది నిలబడితే కదా! ఆ సాయంత్రం సీసా మూత తీసిన చప్పుడికే బొబ్బట్టు మంచం కింద నక్కింది. కాళ్ళు పట్టి లాగాను. పళ్ళు బయటపెట్టి చూసింది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. చివరికి అవ్వ వచ్చి కూర్చుని, ఏదో గొణుక్కుంటూ దాన్ని దగ్గరికి పిలిచి, మందు వేసేసింది. దూడలకీ గేదెలకీ మందులు పట్టిన చెయ్యి కదా, ఆవిడ దగ్గర అది వణుకుతూనే నిలబడింది. రోజూ నువ్వే వెయ్యి అవ్వా అని బతిమాలాను. "ఎన్నొద్దులు వేస్తనే? కుక్క నీదా, నాదా? అది బుగులు వడేది నిన్ను జూసి" అంది. అది భయపడేది నన్ను చూసేనన్న ఆ మాట నాకు సూటిగా తగిలింది.

మర్నాడు శనివారం. అవ్వ కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. కళ్ళు గట్టిగా మూసుకుని, చెవి నయమైతే పదకొండు ప్రదక్షిణాలు చేస్తానని పైకే మొక్కుకున్నాను. అవ్వ విని నవ్వింది. "దేవునికి మస్తు పనులుంటయ్ పిల్లా. చెవు నువ్వే కడ్గాలె" అంది. ఇంటికి రాగానే, సరే అవ్వా, నువ్వు దాని కాళ్ళు పట్టుకో, నేను మందు వేస్తాను అన్నాను. కాళ్ళు పట్టుకోవడానికి ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. కొట్టం ముందున్న నులక మంచం మీద నన్ను కూర్చోబెట్టి, తను పడుకుని, తల నా ఒళ్ళో పెట్టేసింది.

"ముందుగల్ల నా చెవు సాఫ్ జెయ్యి. నొస్తే నేను జెప్ప. గిల్లుత, అంతే."

అవ్వ చెవులకి బరువైన బంగారు గంటీలు ఉండేవి. ఆ బరువుకి తమ్మెలు సాగి, రంధ్రం దగ్గర ఎప్పుడూ పచ్చిగా ఉండేది. నేను దూది తడిపి, గబగబా చెవి పట్టుకున్నాను. తొడ మీద పడింది గిల్లుడు, అబ్బో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకా తుడవనేలేదు కదవ్వా అన్నాను. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ గిల్లింది. ఏడెనిమిది గిల్లుళ్ళయ్యాక నా చెయ్యి తనంతట తనే నెమ్మదించింది. ముందు చెంప మీద చెయ్యి ఆనించాను, ఊరుకుంది. చెవి వెనక ఆనించాను, ఊరుకుంది. గంటీ కిందికి వేలు పోనిస్తుంటే ఆవిడ భుజం కాస్త బిగుసుకుంది. నేను ఆగిపోయాను. గిల్లుతుందని చూశాను, గిల్లలేదు. భుజం వదులయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. చెవి మొత్తం శుభ్రం చేసేసరికి గేదెలకి నీళ్ళు పెట్టే వేళ దాటిపోయింది. అవ్వకి కునుకు పట్టింది.

లేచాక నన్ను పడుకోమంది. నేను తల పెట్టీ పెట్టగానే వెనక నుంచి నా చెవి గబుక్కున పట్టుకుంది. నేను కెవ్వుమని లేచి కూర్చున్నాను. "ఏందే, నేనింక ఏం జెయ్యకపోతిని గద?" అంది అమాయకంగా. ఏం చేస్తావో తెలియక భయమేసింది అన్నాను.

"గదే మరి. దానికి నోరు లేదు. గిల్లనీకె చెయ్యి లేదు. పండ్లున్నయ్, గవే సూపెడ్తది. సూపెట్టినప్పుడు నువ్వు చెయ్యి తియ్యలే. తియ్యకుంటే అదేం జెయ్యాలె పాపం?"

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నూనె పోసింది నేనేనని ఆవిడకి అప్పుడు చెప్పాను. ఎరికే అంది. నిన్న దవాఖానలోనే నీ మొహం చూస్తే తెలిసింది అంది. మీ నాయనకు చెప్పు అని మాత్రం అనలేదు. ఆ ఒక్కటీ నాకే వదిలేసింది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. అది నా చెయ్యి నమ్మేదాకా రెండు పూటలా మందు తనే వేస్తానని అవ్వ ఒప్పుకుంది. మిగతా సమయంలో నేను జొన్నరొట్టె ముక్కలు పట్టుకుని బొబ్బట్టు పక్కన కూర్చునేదాన్ని. ముందు చెయ్యి చూపించాలి. వాసన చూశాక తోక దగ్గర ఆనించాలి, అక్కణ్ణించి నడుము, వీపు, మెడ. అది తల పక్కకి తిప్పితే చాలు, ఆ క్షణమే చెయ్యి వెనక్కి తీసెయ్యాలి. తీసేశాక కూడా రొట్టె ముక్క పెట్టాలి. నాకు ఇదంతా చాలా చిరాకనిపించింది. ఆదివారమంతా కూర్చుంటే మెడ దాకా రాగలిగాను. రోజులు అయిపోతున్నాయవ్వా అంటే, అయితె అయితయ్ తియ్యి అనేది. నాయనమ్మ కూడా చాటుగా గమనిస్తూనే ఉంది. ఒక పూట వచ్చి, అవ్వకి అందించబోతున్న మందు సీసా నా చేతిలోంచి తీసుకుని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది. "చల్లటి చుక్క చెవిలో పడితే ఎవరికైనా జివ్వుమంటుందే. చేతి మీద వేసుకుని చూసుకో" అంది. నిజమే, ఆ పూట అది తక్కువ ఉలిక్కిపడింది. అప్పుడే ఆవిడకి కూడా నూనె సంగతి చెప్పేశాను. "ఓసి నీ దుంప తెగ! నా గరిటె నూనేనా?" అని నోరు నొక్కుకుంది.

మంగళవారం పొద్దున బొబ్బట్టు నా చేతుల మీద మొట్టమొదటిసారి మందు వేయించుకుంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. బుధవారానికి కంపు సగం తగ్గింది, తల నిటారుగా పెట్టి నడుస్తోంది. ఇంకేముంది, గెలిచేశాననుకున్నాను. ఆ సాయంత్రం వీధిలో ఆటకి నన్ను పిలుస్తున్నారని, తోకా లేదు నడుమూ లేదు, గబుక్కున చెవి దొరకబుచ్చుకుని, గింజుకుంటున్నా వదలకుండా చుక్కలు పోసేశాను. అది కుయ్యోమని అరిచి, నన్ను విడిపించుకుని, మంచం కిందికి వెళ్ళిపోయింది. రొట్టె చూపించినా రాలేదు. అవ్వ పిలిస్తే వచ్చింది, నా వైపు చూడలేదు.

నేను సీసా పక్కన పెట్టేసి, ఇక అయిపోయింది, ట్రాక్టరు ఎక్కించెయ్యండి అని కూలబడ్డాను. అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ పేడ తట్ట దించి, చేతులు కడుక్కుని వచ్చి, రొట్టె ముక్క నా చేతిలో పెట్టింది. "పొద్దుగాల మల్ల తోకకాడికెల్లి షురు జెయ్యి" అని తన పనికి తను వెళ్ళిపోయింది.

గురువారం మళ్ళీ తోక దగ్గర నుంచి మొదలుపెట్టాను, మందు వెయ్యడం మళ్ళీ అవ్వ చేతికి వెళ్ళింది. తోక ముట్టుకోనివ్వడానికే మధ్యాహ్నం దాటింది. బడి మానేశాను, నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నారు. శుక్రవారం సాయంత్రానికి వీపు దాకా, శనివారం పొద్దున మెడ దాకా వచ్చాను. శనివారం సాయంత్రం బొబ్బట్టు తనే వచ్చి పక్కన పడుకుంది, కుడి చెవి పైకి పెట్టుకుని. నేను చెయ్యి చూపించాను, ఆగాను, చెవి ఎత్తాను. ద్రావకం, దూది, చుక్కలు, అన్నీ అయ్యాయి. లోపల ఎరుపు పోయి గులాబీ రంగు చర్మం కనిపించింది. ముక్కు పెట్టి వాసన చూస్తే మామూలు కుక్క వాసన, అంతే. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, అరిస్తే ఉలిక్కిపడుతుందని.

ఆదివారం పదింటికి ట్రాక్టరు వాకిట్లో ఆగింది. డ్రైవరు తాడు పట్టుకుని దిగాడు. నాన్న స్నానం చేసి, పంచె కట్టుకుని, అన్న మాట ప్రకారం బొబ్బట్టు దగ్గరికి వచ్చారు. పాపం ఆయనకి మాత్రం భయం ఉండదా? భయం మీద తొందరగా కానిచ్చెయ్యాలనుకున్నారేమో, నిలబడే వంగి, పై నుంచి చెవి పట్టుకున్నారు. బొబ్బట్టు పై పెదవి లేచింది. గొంతులోంచి గుర్రుమన్న శబ్దం అందరికీ వినపడింది.

నాన్న చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డారు. "చూశావుగా అమ్మడూ" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా భయమేసింది. డ్రైవరు తాడు విప్పుకుంటూ ముందుకు వచ్చాడు. అవ్వ కొట్టం గుంజ పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. ఆవిడ ఒక్క మాట అంటే నాన్న వినేవారు. ఆవిడ అనలేదు.

నేను పరిగెత్తుకెళ్ళి డ్రైవరుకీ కుక్కకీ మధ్య నిలబడ్డాను. "నాన్నా, దానికి కరిచే గుణం లేదు. నూనె పోసింది నేను. వారం రోజులు కాళ్ళ మధ్య నొక్కిపెట్టి పోశాను. ఏడ్చినా పోశాను. డాక్టరు అడిగితే చెప్పలేదు, నువ్వు పంపించేస్తానన్నప్పుడు కూడా చెప్పలేదు. అది నిన్ను కరవబోయింది నా మూలంగా" అన్నాను. ఏడుపు ఆపుకుంటూనే ఇంకో మాట కూడా అనేశాను. "చెవి అలా పట్టుకోకూడదు. నువ్వు ముందు కింద కూర్చో."

ఆ రోజుల్లో ఆడపిల్ల తండ్రిని నువ్వు కింద కూర్చో అనడం మాటలు కాదు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. నాన్న నన్ను ఎగాదిగా చూశారు. డ్రైవరుని ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేసి, ఉతికిన పంచెతో మట్టిలో చతికిలబడ్డారు.

చెయ్యి చూపించమన్నాను, చూపించారు. బొబ్బట్టు వాసన చూసింది. తోక దగ్గర ఆనించమన్నాను. నడుము, వీపు, మెడ, నేను చెప్పిన చోటల్లా ఆయన చెయ్యి నెమ్మదిగా పాకింది. మెడ దాటి చెవి వైపు రాబోతుంటే బొబ్బట్టు తల పక్కకి తిప్పుకుంది. నేను నోరు తెరవకముందే నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని తన ఒళ్ళో పెట్టేసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఆయనే తీసుకున్నారు. కుక్కా మనిషీ అలా ఒకరినొకరు చూసుకుంటూ ఎంతసేపున్నారో నాకు తెలియదు. ట్రాక్టరు ఇంజను డుగడుగ మోగుతూనే ఉంది. అప్పుడు బొబ్బట్టు లేచి, రెండడుగులు వేసి, కుడి చెంప తెచ్చి ఆయన మోకాలి మీద ఆనించింది. నాన్న రెండు వేళ్ళతో చెవి ఎత్తి లోపలికి చూశారు. అది కళ్ళు మూసుకుంది.

నాన్న డ్రైవరుని ట్రాక్టరు తీసుకెళ్ళిపొమ్మన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం మందు వేళకి మాత్రం సీసా ఆయనే తీసి, అరచేతుల మధ్య రుద్దుకుంటూ వచ్చి మట్టిలో కూర్చున్నారు.

బుధవారం తమ్ముడు వచ్చాడు. వాణ్ణీ కుక్కనీ ఒంటరిగా ఒక గదిలో ఉంచకూడదని నాన్న నియమం పెట్టారు, అందరం పాటించాం. బొబ్బట్టు మళ్ళీ ఎవరి మీదికీ వెళ్ళలేదు. చెరువు నుంచి రాగానే దాని చెవులు రెండూ ఎత్తి పొడిగుడ్డతో అద్దడం నా పని అయింది. నాయనమ్మ తమ్ముడికి ఒళ్ళంతా నూనె రాసి నలుగు పెట్టేది గానీ, చెవిలో మాత్రం చుక్క వెయ్యలేదు. పిల్లవాడి డాక్టరుని అడిగి వచ్చానని మెల్లగా నాతో చెప్పింది. ఆ వయసులో అంత పాత అలవాటు మానుకోవడం చిన్న విషయం కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

నా మొండితనం ఆ పది రోజుల్లో తగ్గిందనుకుంటే పొరపాటు. అవ్వ దాన్ని నా చేతుల్లోంచి తీసి కాళ్ళలో పెట్టింది, అంతే. చేత్తో నొక్కిపట్టి సాధించాలనుకునేదాన్ని. ఇప్పుడు ఎదుటివాళ్ళు తల తిప్పుకుంటే చెయ్యి తీసేసుకుంటాను, మర్నాడు మళ్ళీ వెళ్తాను. పిల్లల్ని పెంచేటప్పుడూ, అత్తగారు మంచాన పడ్డప్పుడూ, తమ్ముడి తర్వాత పుట్టిన చెల్లెలు అలిగి ఏడాది పాటు తలుపు తియ్యనప్పుడూ నాకు పనికొచ్చింది ఇదొక్కటే. తప్పు నాదైతే ఎవరూ అడగకముందే చెప్పెయ్యడం కూడా ఆ ఆదివారం నాడే నేర్చుకున్నాను. అది ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు నేనుండేది ఎల్‌బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో. మా వీధిలో ఒక గోధుమ రంగు కుక్క ఉంది. ఎడమ చెవి వాచి కారుతోంది. ఎవరో ఎప్పుడో దాన్ని బాగా కొట్టినట్టున్నారు, మనిషి నీడ పడితే పారిపోతుంది. పశువుల డాక్టరు దూరం నుంచి చూసి, వల వేసి పట్టిద్దామా అని అడిగింది. ప్రాణం మీదికి వచ్చిందంటే వల వేద్దాం, అందాకా నాకు కొన్ని రోజులివ్వమ్మా అన్నాను. మోకాళ్ళు సహకరించవు కాబట్టి ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు వెంట తీసుకెళ్ళి, రోజూ పొద్దున ఆరున్నరకి దాని దగ్గర్లో కూర్చుంటున్నాను. వాచ్‌మన్ భార్య నన్ను చూసి, "ఏందమ్మా, గింత పరేషాన్ ఎందుకు మీకు" అని నవ్వుతుంది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పొద్దున నా చేతి వాసన చూసి, తోక మీద వేలు ఆనించనిచ్చింది. ఆ తర్వాత లేచి వెళ్ళిపోయింది. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. చెవి ఇంకా చాలా దూరం. రేపు ఆరున్నరకి మళ్ళీ వెళ్తాను.